బర్మాలో పోయిన మామూలు సిపాయి వివరాలు ఇప్పుడు దొరుకుతాయా?

మీ ప్రశ్న ఇది: "మా తాతగారి అన్న కందుకూరు దగ్గర ఊరి నుంచి మిలిటరీకి పోయి, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో చనిపోయాడని ఇంట్లో అంటారు. ఒక మెడల్ తప్ప ఏమీ మిగల్లేదు. ఆఫీసరు కాదు, మామూలు సిపాయి. అలాంటివాళ్ళ వివరాలు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతాయా?"

దొరుకుతాయండీ. మాదీ ఆ వైపే. మా తాత తమ్ముడు ఇలాగే వెళ్ళి తిరిగి రాలేదు. చినతాత అంటాం గానీ మేమెవరం ఆయన్ని చూడలేదు, మా నాయన కూడా చూడలేదు. ఆయన కోసం వెతికిన దారి చెబుతాను, మీకు పనికొచ్చేది తీసుకోండి. మధ్యలో కొంత ఇంటి గోల కూడా వస్తుంది, ఓపిక పట్టండి. అది తీసేస్తే వెతకడానికి ఆధారాలే ఉండవు.

అందరూ ముందు పేరు పట్టుకుని ఇంటర్నెట్‌లో పడతారు. పేరుతో ఒక పట్టాన తేలదు. మిలిటరీలో ప్రతి మనిషికీ ఒక నెంబరు ఉంటుంది, ముందు దాన్ని పట్టుకోండి. అది ఎక్కడ ఉంటుందంటే, ఆయన భార్యకో తల్లికో పించను వచ్చి ఉంటే ఆ పించను కాగితం మీద ఉంటుంది. మా చిన్నవ్వ (చినతాత భార్య) ట్రంకుపెట్టెలో అడుగున, ఆమె పెళ్ళి చీర మడతల్లో దొరికింది మాకు. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది, అన్నీ అన్నం మెతుకులతో అతికించి ఉన్నాయి. మీద అలహాబాదు ముద్ర. ఆమె వేలిముద్రలు ఒకదాని పక్కన ఒకటి, కొన్ని ఊదా సిరా, కొన్ని నల్ల సిరా. చదువు రాని మనిషి కదా, ఆ కాగితంలో ఏముందో ఆమెకు తెలియదు. కానీ దాన్ని పోగొట్టుకుంటే మటుకు పించను పోతుందని తెలుసు. మా అదృష్టం అదే. పట్టాదారు పాసుపుస్తకాలు పోగొట్టిన ఇల్లు మాది, ఈ కాగితం మాత్రం నిలిచింది.

కాగితం లేకపోతే పాత ఉత్తరాలు చూడండి. బర్మా నుంచి వచ్చే ఉత్తరంలో ఉన్న చోటు పేరు రాయనిచ్చేవాళ్ళు కాదు, సెన్సారు ఉండేది. కానీ పంపినవాళ్ళ చిరునామాలో నెంబరు, పేరు, కంపెనీ, ఫీల్డు పోస్టాఫీసు ఉంటాయి. ఉత్తరం లోపల అందరినీ అడిగినట్టు చెప్పడం తప్ప ఏమీ ఉండదు. మనకు కావలసిందంతా కవరు మీదే ఉంటుంది.

మీ దగ్గరున్న మెడల్ కూడా చాలా చెబుతుంది. ఆరు కొనల నక్షత్రం ఆకారంలో ఉంటే మధ్యలో కిరీటం చుట్టూ గుండ్రంగా ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చదవండి. 'ది బర్మా స్టార్' అని ఉంటే ఆయన నిజంగా ఆ వైపు పనిచేసినట్టే. రిబ్బను మిగిలి ఉంటే ముదురు నీలం మధ్యలో వెడల్పాటి ఎర్ర గీత, రెండు పక్కలా నారింజ గీతలు కనిపిస్తాయి. అదే ఆకారంలో '1939-45 స్టార్' అని ఇంకొకటి ఉంటుంది, దాన్ని చూసి ఇదనుకోవద్దు. గుండ్రంగా, ఒక పక్క సింహం రెండు తలల డ్రాగన్ మీద నిలబడి ఉంటే అది వార్ మెడల్, దాదాపు అందరికీ ఇచ్చారు. గుండ్రంగా ఉండి ఇండియా పటం ఉంటే ఇండియా సర్వీస్ మెడల్. అదొక్కటే ఉండి స్టార్ లేకపోతే ఆయన బర్మాకు వెళ్ళాడా, ఇక్కడే ఏ డిపోలోనో పనిచేశాడా అని ఒకసారి ఆలోచించాలి. మెడల్ మీద పేరు లేకపోతే కంగారు పడకండి. మా ఇంట్లో దాని మీదా లేదు.

ఇక కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ వెబ్‌సైట్. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన బ్రిటిష్ వైపు సైనికులందరి పేర్లూ అందులో ఉంటాయి, మన ఇండియన్ ఆర్మీ వాళ్ళవి కూడా. రెండో యుద్ధంలో మనవాళ్ళు సుమారు 25 లక్షల మంది సైన్యంలో ఉంటే 87 వేల మంది దాకా పోయారు. పైసా ఖర్చు లేకుండా వెతకొచ్చు. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సర్వీసులో ఉండగా చనిపోయినవాళ్ళను ఈ యుద్ధం లెక్కలో వేశారు. కాబట్టి 'యుద్ధం అయిపోయాక జబ్బుతో పోయాడు' అని మీ ఇంట్లో అన్నా సరే, వెతకండి.

వెతికేటప్పుడు మనవైపు వాళ్ళకు ఒక చిక్కుంది. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. 1970 ఫిబ్రవరిలో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లా. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు జిల్లా. మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లా. రికార్డులో 'ఫలానా వారి కుమారుడు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు' అని ఒక్క వాక్యం ఉంటే అందులో పాత జిల్లా పేరే ఉంటుంది. మా కందుకూరైతే 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు, అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు. ఇన్ని మార్పులు జరిగినా చినతాత రికార్డులో నెల్లూరే రాసి ఉంది.

పేరుకు కూడా తిప్పలే. రికార్డుల్లో ఇంటిపేరు చాలామందికి ఉండదు, ఉత్త పేరే రాసుకున్నారు. రాసుకున్నది తెలుగు రాని గుమాస్తా. సుబ్బయ్య అనే పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ రాశారు. 'వెంకట' ఒకచోట కలిసి ఉంటుంది, ఒకచోట విడిపోతుంది. అందుకే ముందు నెంబరుతో వెతకండి. అది లేకపోతే పేరులో మొదటి సగమే కొట్టి, ఇండియన్ ఆర్మీ అని వడపోసి, 'అదనపు సమాచారం' అనే చోట నెల్లూరు ఉన్నవాళ్ళను చూసుకుంటూ పోండి. ఊరి పేరు చివర ఉకారంతో ఒకసారి, లేకుండా ఒకసారి కొట్టండి. ఓపిక ఉన్న పిల్లలెవరైనా ఇంట్లో ఉంటే వాళ్ళకు అప్పజెప్పండి.

మాకు దొరికిన రికార్డు నాలుగు లైన్లు. పేరు, నెంబరు, ఇండియన్ పయనీర్ కోర్, చనిపోయిన తేదీ 1945 జూన్‌లో, స్మారకం రంగూన్ మెమోరియల్. అది చూసి మా పెదనాన్న మొహం మాడ్చుకున్నాడు. ఎందుకంటే మా ఇంట్లో చెప్పుకునే కథ వేరు. చినతాత మిషన్‌గన్ పట్టుకుని ఏడుగురు జపానువాళ్ళను కాల్చి తాను కూలిపోయాడని, చిన్నప్పటి నుంచి పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర వింటూ పెరిగాం. పయనీరు అంటే రోడ్లు వేసే పని, బరువులు దించే పని, గోతులు తవ్వే పని చేసే సిపాయి. "మట్టి మోయడానికి బర్మా దాకా పోవాల్నా, ఇక్కడ మట్టి లేదా" అన్నాడు పెదనాన్న. ఆ మాట నాకు నచ్చలేదు, అప్పుడే చెప్పాను.

ఆ రోడ్లు లేకపోతే ఆ యుద్ధమే లేదు. దిమాపూర్ నుంచి కోహిమా మీదుగా ఇంఫాల్‌కు ఒక్క రోడ్డు, ఆ తర్వాత అడవి, కొండలు, బురద. 1944లో కోహిమా, ఇంఫాల్ దగ్గర జపానువాళ్ళను ఆపి వెనక్కి తరిమాక, వాళ్ళ వెంట పడాలంటే లారీలు పోవాలి. లారీలు పోవాలంటే వానల్లో నిలిచే దారి కావాలి. బర్మా పడమటి తీరంలోని అరకాన్ వైపు రాయే దొరకదు, ఉన్నదంతా బంకమట్టి. అక్కడ దారి పొడుగునా బట్టీలు పెట్టి ఇటుకలు కాల్చి, ఆ ఇటుకలే పరిచి రోడ్డు వేశారు. బర్మాలోనే తమూ నుంచి కలేవా వైపు పోయే దారిలో మట్టిని చదును చేసి, తారులో ముంచిన గోనెపట్టాను ఒకదాని అంచు మీద ఇంకొకటి వచ్చేట్టు చాపల్లా పరుచుకుంటూ పోయారు. వాన నీళ్ళు కిందికి దిగకూడదు. ఎక్కడ చిన్న చిరుగు పడినా దాని కింద మట్టి బురదై, వెనక వచ్చే లారీ దిగబడిపోతుంది. అందుకని రాత్రీ పగలూ అతుకులు వేసే మనుషులు కావాలి. మిషన్‌గన్ కథ కన్నా నాకు ఇదే నమ్మబుద్ధి అవుతుంది, ఇదే గొప్పగా కూడా అనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి, మీ పెద్దాయన రికార్డు చదివేటప్పుడు పనికొస్తుంది. బర్మాలో చావంటే తూటా దెబ్బే అనుకోనక్కర్లేదు. బర్మాలో బ్రిటిష్ వైపు పోరాడిన 14వ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ చెప్పిన లెక్క ఒకటుంది: 1943లో గాయాలతో వెనక్కి పంపిన ఒక్కో మనిషికి, జబ్బుతో పంపినవాళ్ళు 120 మంది. మలేరియా, రక్తవిరేచనాలు, పొదల్లో ఉండే చిన్న పురుగు కుట్టి వచ్చే టైఫస్ జ్వరం. మెపాక్రిన్ అనే పసుపు మాత్రలు రోజూ ఎదురుగా నిలబెట్టి మింగించడం మొదలుపెట్టాక తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఆ మాత్రలకు ఒళ్ళంతా పచ్చబడేది. మన రికార్డులో కారణం ఉండదు, తేదీ ఉంటుంది. మా చినతాత తేదీ జూన్‌లో ఉంది. రంగూన్ చేతికి వచ్చింది అంతకుముందే, మే మొదటి వారంలో. అంటే పెద్ద పోరాటం అయిపోయి, వానలు పట్టుకున్నాక పోయాడు. జ్వరమే అయ్యుంటుందని నేననుకుంటాను. పెదనాన్న ఒప్పుకోడు.

ఆయన ఎందుకు చేరాడో కూడా ఇంట్లో రెండు కథలు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడ మీద బాంబులు వేశాక రక్తం ఉడికి వెళ్ళాడని ఒకటి. చిన్నవ్వ చెప్పింది వేరే. వరసగా వానలు లేక జొన్న పోయింది, సజ్జ పోయింది, అన్నదమ్ముల మధ్య అప్పు మాట వచ్చింది, కోపంలో సింగరాయకొండలో రైలెక్కాడు. ఇంటికి నెలనెలా మనియార్డరు వస్తుందంటే అత్తగారు కూడా గట్టిగా వద్దనలేదట. ఆమెకు అప్పటికి పదహారేళ్ళు ఉంటాయి, కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు.

చనిపోయిన కబురు ఎలా వచ్చిందో వింటే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. ముందు మనియార్డరు ఆగింది. ఏదో ఆలస్యమనుకున్నారు. ఆ తర్వాత కాగితం వచ్చింది, ఇంటికి కాదు, మునసబు దగ్గరికి, వారసులెవరో విచారించి రాయమని. అంటే ఊళ్ళో కరణానికీ మునసబుకూ తెలిశాకే భార్యకు తెలిసింది. శవం రాలేదు, బూడిద రాలేదు, గుడ్డలు రాలేదు. అందుకే ఆమె నమ్మలేదు. అప్పుడే ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు వాళ్ళ మీద విచారణ జరుగుతోంది. బోసు సైన్యంలో కలిసినవాళ్ళు, జపాను జైళ్ళలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారని సంతలో అనుకునేవాళ్ళు. పోయాడని కాగితం వచ్చినవాడు నడిచి వచ్చాడని ఎక్కడో ఎవరో చెప్పారు. ఆ మాట పట్టుకుని మాలకొండకు మొక్కుకుంది. మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారని మీకు తెలుసుగా, శనివారం శనివారం నడిచి పోయేదట. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఆయన పేరున పంచె పెట్టనిచ్చేది కాదు. అత్తగారు పెడితే తీసి పక్కన పడేసింది. ఎన్నేళ్ళు అలా చేసిందో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. ఒక సంక్రాంతికి ఆమే పంచె తెచ్చి పీట మీద పెట్టిందట. ఎవరూ ఏమీ అనలేదట.

పించను సంగతి ఇంకో కథ. తల్లికి రావాలని కొందరు, పెళ్ళానికని కొందరు. తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి చివరికి భార్య పేరున వచ్చింది. మారుమనువు చేసుకుంటే ఆగిపోతుంది. మా కులంలో మారుమనువు తప్పేం కాదు, అడిగినవాళ్ళూ ఉన్నారు. కానీ నెలనెలా నికరంగా వచ్చే రూపాయి ఇల్లు దాటిపోతుందని మావాళ్ళు పడనివ్వలేదు. ఇది ఎవరూ పెళ్ళి భోజనాల దగ్గర చెప్పరు. నాకు మా మేనత్త చెప్పింది, చిన్నవ్వ పోయిన తర్వాత. అప్పు తీరింది ఆ పించనుతోనే, మా నాయన బడి ఫీజు కూడా అందులోదే. కాబట్టి నేను ఎవరినీ తిట్టేంత పెద్దవాణ్ణి కాదు. అయినా ఏడుగురు జపానువాళ్ళ కథ అన్నిసార్లు చెప్పుకున్న ఇంట్లో, ఈ కథ ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.

పించను రోజు ఆమె కందుకూరు ఒక్కతే పోయేది, ఎవరినీ తోడు రానిచ్చేది కాదు. డబ్బు మొత్తం తెచ్చి మా తాత చేతిలో పోసేది. అందులో కొంత మటుకు వక్కాకు తిత్తిలో దాచేది, అది అందరికీ తెలుసు. ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

రంగూన్ మెమోరియల్ అంటే సమాధి కాదు. యాంగోన్‌కు (రంగూన్‌కు ఇప్పటి పేరు) ఉత్తరాన తౌక్యాన్ అనే చోట ఉన్న పెద్ద యుద్ధ శ్మశానం మధ్యలో స్తంభాల వరసలుంటాయి, వాటి మీద సమాధి ఎక్కడో తెలియనివాళ్ళ పేర్లు చెక్కారు, దాదాపు 27 వేలు. ఎక్కువమంది మన సైన్యం వాళ్ళే. రికార్డులో 'ఫేస్' అని ఒక అంకె ఉంటే అది ఏ స్తంభం ముఖం మీద పేరుందో చెబుతుంది. హిందువులను, సిక్కులను దహనం చేశారు కాబట్టి వాళ్ళకు విడిగా దహన స్మారకాలు కూడా ఉన్నాయి. తౌక్యాన్‌లో ఒకటి, కోహిమాలో 917 మంది పేర్లతో ఒకటి. మీ పెద్దాయనది కోహిమా అని వస్తే మీరు అదృష్టవంతులు, మన దేశంలోనే. దిమాపూర్ దాకా రైలు ఉంది, నాగాలాండ్‌కు ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాలవాళ్ళు అక్కడికి వెళ్ళడానికి కావలసిన అనుమతి) ముందే తీసుకోవాలి.

ఢిల్లీలో ఇండియా గేట్ మీద పేరుంటుందేమో చూసిరమ్మని మీకు ఎవరో ఒకరు చెబుతారు, మాకూ చెప్పారు. ఆ పేర్లు మొదటి ప్రపంచ యుద్ధం వాళ్ళవి, 1919 ఆఫ్ఘన్ యుద్ధం వాళ్ళవి. పక్కనే 2019లో తెరిచిన నేషనల్ వార్ మెమోరియల్‌లో ఉన్న పాతిక వేల పైచిలుకు పేర్లు స్వతంత్రం తర్వాత పోయినవాళ్ళవి. మనవాళ్ళు ఆ రెండింటి మధ్యలో పడ్డారు. వాళ్ళ పేర్లకు చోటు తౌక్యాన్, కోహిమా, ఇంఫాల్ లాంటి చోట్లే. 1962, 1965, 1971 యుద్ధాల్లో పోయినవాళ్ళ కోసం ఇది చదువుతున్నవారైతే మీకు నేషనల్ వార్ మెమోరియల్ వెబ్‌సైటే సరైనది.

నెంబరు, కోర్ పేరు దొరికాక రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయొచ్చు. పయనీరైతే బెంగుళూరులోని పయనీర్ కోర్ ట్రైనింగ్ సెంటర్, మద్రాసు సాపర్లైతే (సైన్యంలో ఇంజనీరు పని చేసే దళం) బెంగుళూరులోనే మద్రాస్ ఇంజనీర్ గ్రూపు, మద్రాస్ రెజిమెంటైతే ఊటీ దగ్గర వెల్లింగ్టన్. ఊరికే 'మిలిటరీ' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. వారసత్వం చూపించే కాగితం, పించను కాగితం జెరాక్సు, కమిషన్ రికార్డు ప్రింటు కలిపి పంపండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపిస్తే మేలు, నెల్లూరులోనూ ఉంది, ఒంగోలులోనూ ఉంది. మాకు మొదటి ఉత్తరానికి జవాబు రాలేదు. సైనిక సంక్షేమం ద్వారా పంపిన దానికి ఒక పేజీ వచ్చింది: చేరిన తేదీ, చేరినప్పటి వయసు, ఎత్తు, ఎడమ మోచేతి మీద మచ్చ. ఫోటో లేని మనిషికి ఆ మచ్చ ఒక్కటే మాకు తెలిసిన పోలిక. పెదనాన్న దాన్ని లామినేషన్ చేయించాడు. తేదీ పంతులుగారికి చూపించి తిథి కట్టించుకున్నాడు కూడా. మట్టి మోసిన సిపాయికే ఇప్పుడు తిథి ప్రకారం పెడుతున్నాడు, మాట మటుకు వెనక్కి తీసుకోలేదు.

మీరు మొదట చేయాల్సిన పని: మీ ఇంట్లో అందరికన్నా పెద్ద ఆడమనిషి ఎవరో చూసి, ఆయన భార్య పేరేంటి, ఆమెకు పించను వచ్చేదా, ఏ ఊళ్ళో తీసుకునేది అని అడగండి. మగవాళ్ళను తర్వాత అడగొచ్చు. మెడల్ రెండు వైపులా వెలుతురులో ఫోటో తీయండి, బ్రాసో పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి.